డాబా ఎక్కకు, ప్రమీలా

ప్రమీలా, డాబా ఎక్కకు. నీ మోకాలి ఆపరేషన్ అయి ఇంకా రెండు నెలలు కాలేదు. నిచ్చెన దుకాణంలో పెట్టి తాళం వేసి వెళ్తున్నాను. రేడియో పక్కన ఒక నల్ల అడాప్టరు ఉంచాను. మోడెంకు ఇప్పుడున్నది తీసేసి దాన్ని పెట్టు. చారు వేడి చేసుకుని తిను.

నిన్న నువ్వు, "మోడెం లైటు వెలుగుతుంది గని జైనూర్‌కు ఒక్క ముక్క పోతలేదు. యాంటెన్నాలనే గడ్‌బడ్ ఉంది, రేపు పైకెక్కి చూస్త" అన్నావు.

"జర మోకాలు చూసుకో" అంటే, "నీకు పసుపు కొమ్ము తెలుస్తది, గిదేం తెలుస్తది?" అన్నావు.

నిజమే. అయినా నీ మోడెం అంటే నాకు గౌరవమే. రాసిన మాటను చప్పుళ్లుగా మార్చి రేడియోలో పంపుతుందనీ, ముట్టినట్టు అవతలి నుంచి జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పంపుతుందనీ చెప్పావు. అంత నమ్మకస్తుడు నాకు మెట్‌పల్లి మార్కెట్లో ఇంతవరకు దొరకలేదు.

సాయంత్రానికి జైనూర్ చేరి నీ శిష్యుడు తారక్ ఇంట్లో దిగుతాను.

రాయడం మరిచాను. మొన్న పసుపు తూచే కాంటా చార్జింగ్ పెట్టడానికి ప్లగ్గులోంచి మోడెం అడాప్టరు పీకింది నేనే. కాంటా అడాప్టరూ, మోడెం అడాప్టరూ రెండూ నల్లవే కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు తారుమారయ్యాయి. నిన్ననే చెబుదామనుకున్నాను, కానీ నీ చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. తిట్లన్నీ తారక్ రేడియోకు పంపు, ముట్టినట్టు జవాబు ఇప్పిస్తాను. ఏడింటిదాకా ఒక్క తిట్టూ రాకపోతే, నువ్వు డాబా ఎక్కావనుకుని తిరుగు బస్సెక్కుతాను.