కిటికీ పక్క సీటు

తెనాలి, 1968 నవంబరు, ఆదివారం

రేపల్లె నుంచి చీకటిపడ్డాక వస్తుంటే, ఆయన నడిపే టాక్సీలో నేను కూర్చునే వెనక సీటు మళ్ళీ చురుక్కుమని కాలింది. ఈసారి చీరకు చిల్లు పడింది. అది చూశాక కారును షెడ్డుకు తిప్పారు. మెకానిక్ సీటు మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఎప్పుడు వేడెక్కుద్దమ్మా?" అని నన్నే అడిగాడు.

"లైట్లు వేసినప్పుడండి" అన్నాను.

సీటు ఎత్తితే కింద కొబ్బరిపీచు మాడి ఉంది. వెనక లైట్ల వైరు తొడుగు ఊడి, స్ప్రింగుకు తగులుతోంది.

"ఎన్నాళ్ళ నుంచయ్యా ఇది?"

"రెండు నెలలైంది బాబాయ్" అని ఆయన నవ్వారు. "బేరం వాళ్ళని అటు కూర్చోనివ్వను. మా ఆవిడైతే ఇబ్బంది లేదు. నోట్లో నాలుక లేని మనిషి."

పెళ్ళిచూపుల్లో ఈ మాటే మెచ్చుకుంటూ అన్నారు.

ఒకసారి నేను చెబితే ఇంజను వేడన్నారు. "కిటికీ పక్కన కూర్చో, గాలి తగుల్తుంది" అని చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించేవారు.

ఒంటి మీద కాలిన చోట వెన్న రాశాను. అది తగ్గుతుంది. కానీ కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వరనీ, నాకోసమే ఉంచుతారనీ పోయిన వారమే అమ్మకు ఉత్తరం రాశాను. అమ్మకు చదువు రాదు. పక్కింటివాళ్ళ చేత పైకి చదివించుకుని ఉంటుంది.