వాడి రెండు పుట్టినరోజులు

9 సెప్టెంబర్ 2018, రెజైనా, కెనడా

క్రిస్టఫర్ దిగాడు. తమ్ముడు రత్నరాజుకి ఒక్కగానొక్క కొడుకు. రెండు సూట్‌కేసులు, ఒక క్రికెట్ కిట్. బేస్‌మెంట్‌లో అప్పటికే ఇద్దరు స్టూడెంట్లు, వీడు మూడోవాడు. ఈ ఏడు ఎంతమంది పిల్లలు దిగారంటే, మా తెలుగు ప్రార్థన కూటంలో కుర్చీలు చాలడం లేదు.

స్టడీ పర్మిట్ చూశాను. పుట్టిన తేదీ 15 ఆగస్టు 2000 అని ఉంది. వాడు పుట్టింది 2 ఏప్రిల్ 1999, గుడ్ ఫ్రైడే. మిషన్ ఆసుపత్రి వరండాలో మొదట ఎత్తుకున్నది నేనే. రత్నరాజుకి ఫోన్ చేసి, స్కూల్లో డ్రిల్ మాస్టరువి, ఇదేం పనిరా అన్నాను. నవ్వాడు. అండర్ ఫోర్టీన్‌లో ఇంకో ఏడాది ఆడతాడని అప్పట్లో వయసు తగ్గించి రాయించాడట. అందరూ చేసేదే అక్కా, నువ్వొక్కదానివే పరిశుద్ధురాలివి మరి, అన్నాడు.

22 జనవరి 2019

మైనస్ ముప్పై ఎనిమిది. యూనివర్సిటీ ఇండోర్ నెట్స్‌లో వీడు బౌలింగ్ చేస్తుంటే పక్క నెట్‌లో ఉన్న బేస్‌బాల్ కోచ్ ఆగి చూశాడట. మోచెయ్యి వంచి విసిరి చూడమన్నాడట. మోచెయ్యి వంగితే నో బాల్ అని నాన్న పదేళ్ళు బెత్తంతో కొట్టాడత్తా, ఇక్కడ వంచితేనే బాలంట, అని ఒకటే నవ్వు. వీణ్ణి పిచ్చర్‌ని చేస్తారట; పిచ్చర్ అంటే వాళ్ళ బౌలర్ అని నాకు అర్థమైంది.

ఇంజనీరింగ్ సంగతేమిటని అడిగాను. బంతి ఎగరేసి పట్టుకుంటూ బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు.

5 అక్టోబర్ 2019

వీడి బంతి గంటకు తొంభై రెండు మైళ్ళట. థర్మోడైనమిక్స్‌లో మాత్రం నలభై ఒకటి.

17 మే 2020

అన్నీ మూసేశారు. వీడు గరాజ్‌లో పాత పరుపు నిలబెట్టి దానికేసి విసురుతున్నాడు. పొద్దుటినుంచీ ధబ్, ధబ్. నేను ఆఫీసు ఫారాలు వంటింటి టేబుల్ మీద సరిచూస్తున్నాను. ప్రతి ధబ్బుకీ ఒక గడి తప్పిపోతోంది. వెళ్ళి తిట్టాను. ఇంకో ఇరవై అత్తా, ఇరవయ్యే, అన్నాడు. సాయంత్రం వాడి భుజానికి ఐస్ కట్టిందీ నేనే. ఇది ప్రేమో బలహీనతో నాకు తేలడం లేదు.

2 ఏప్రిల్ 2021, గుడ్ ఫ్రైడే

వాడు పుట్టిన తేదీన మళ్ళీ గుడ్ ఫ్రైడే వచ్చింది. అదే తేదీ, అదే శుక్రవారం. కూటం జూమ్‌లో, యూట్యూబ్ లైవ్ కూడా. పుట్టినరోజులవాళ్ళు సాక్ష్యం చెప్పండని పాస్టర్ గారు అడిగారు. క్రిస్టఫర్ ప్రాక్టీసులో ఉన్నాడు. నేను ఉండబట్టలేక మైక్ ఆన్ చేశాను. ఇరవై రెండేళ్ళ క్రితం సరిగ్గా ఇలాంటి గుడ్ ఫ్రైడేనాడు దేవుడు మా తమ్ముడికి తొలి కొడుకునిచ్చాడని చెప్పాను. ఆ వరండా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పేరు కూడా చెప్పలేకపోయాను. అందరూ ఆమెన్ అన్నారు.

20 జూలై 2021

అమెరికా బేస్‌బాల్ జట్టొకటి, కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వీణ్ణి తీసుకుంది. ఇరవయ్యేళ్ళకే ఇంత వేగమా అని వాళ్ళ ఆశట. ఇరవై రెండైతే అంత ఆశ ఉండదట. వీడే చెప్పాడు, నా మొహం చూడకుండా.

24 జూలై, ఉదయం 11

జట్టు మనిషి ఫోన్ చేశాడు. నా సాక్ష్యం వీడియో దొరికిందట. తెలుగు వచ్చినవాళ్ళ చేత విని చెప్పించుకున్నారట. చాలా మర్యాదగా అడిగాడు, 1999లో పుట్టిన ఆ అబ్బాయి ఎవరని.

క్రిస్టఫర్ వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. నిజం చెబితే కాంట్రాక్టు పోతుంది. అంతటితో ఆగుతుందా? పర్మిట్‌కి తప్పుడు వివరాలిచ్చాడని, మిస్‌రిప్రజెంటేషన్ అంటారు. ఐదేళ్ళు కెనడాలో అడుగు పెట్టనివ్వరు.

వాడు క్రిస్టఫర్‌కి అన్న అని చెప్పాను. పసితనంలోనే పోయాడన్నాను.

అయ్యో, అందుకే ఏడ్చారా, అన్నాడతను. అవునన్నాను. సారీ చెప్పి పెట్టేశాడు.

క్రిస్టఫర్ థాంక్స్ అత్తా అన్నాడు. బూట్లు వేసుకుని గరాజ్‌లోకి వెళ్ళాడు. ధబ్.

అదే రోజు, మధ్యాహ్నం 3

బతికించావక్కా, అన్నాడు రత్నరాజు. వెనకనుంచి మరదలు రూపవతి ఫోన్ లాక్కుంది. నా తొలిచూలు బిడ్డని నోటితో చంపేశావు గదా వదినా, అని భోరుమంది. ఈ అబద్ధం మొదలుపెట్టింది మీ ఆయన కాదా అని అడగాల్సింది. అడగలేదు. ఎందుకు అడగలేదో అని అప్పటినుంచీ రగిలిపోతున్నాను. తేదీ మార్చినవాడు హాయిగా ఉన్నాడు. ఉన్న తేదీ చెప్పిన పాపానికి నేను హంతకురాలినయ్యాను.

13 నవంబర్ 2022

వాడు కింది మెట్టు ఆటల్లో, మైనర్ లీగుల్లో ఊరూరా బస్సుల్లో తిరుగుతున్నాడు. నాకు ఫోన్లు తగ్గాయి. కూటంలో సాక్ష్యానికి లేవమన్నారు. గొంతు బాగాలేదన్నాను. ఇది మూడోసారి.

6 సెప్టెంబర్ 2023

మేజర్ లీగ్. నిజంగా. ఆఫీసుకి సెలవు పెట్టి టీవీ ముందు కూర్చున్నాను. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదోదానికి బంతి వీడి చేతికిచ్చారు. ముగ్గురు వచ్చారు, ముగ్గురూ అవుట్. చివరి బంతి తొంభై ఎనిమిది మైళ్ళు. నేను సోఫా మీంచి లేచి అరిచాను, ఒక్కదాన్నే.

అప్పుడు వాడు టోపీ తీసి ఆకాశంవైపు వేలు చూపించాడు. చిన్నప్పుడే పోయిన అన్న కోసమని కామెంటేటర్ చెప్పాడు. గొంతు తగ్గించి, ఎంతో గౌరవంగా చెప్పాడు.

నాటకమా? లేక వాడు నమ్మడం మొదలుపెట్టాడా? సంతోషించాలో టీవీ కట్టెయ్యాలో తెలియలేదు. రెండూ చేశాను.

2 ఏప్రిల్ 2024

ఈరోజు వాడికి ఇరవై అయిదు నిండాయి. పొద్దున మెసేజ్ పెట్టాడు. అన్న పేరేమిటని టీవీవాళ్ళు అడుగుతున్నారట. ఏం చెప్పనత్తా, అని.