ఎండబోసిన మట్టి

వినుకొండ దగ్గర, 2 అక్టోబరు 1999

ప్రియమైన చెల్లెలు ఆయేషాకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ కాలవ నీళ్ళు వస్తున్నాయి. వరి నాట్లు అయ్యాయి. మిరప మొక్క నిలదొక్కుకుంది. పక్క మడి బుల్లయ్యకు మాత్రం జ్వరం తగ్గలేదు. రెండు నెలల నుంచి టీబీ మాత్రలు మింగుతున్నాడు. మనిషి సగమయ్యాడు. మంచం మీద నుంచే "ఒరేయ్ రసూలూ, నా మడికి నీళ్ళు పెట్టావా, అన్నీ నీ మడికే తిప్పుకున్నావా?" అని అరుస్తాడు. ఆ అరుపు రోజురోజుకీ సన్నబడుతోంది.

మీ ల్యాబులో చూసే క్రిమి గురించి రాశావు. తడి మట్టిలో ఉంటుందని, టీబీలాగే కనబడుతుందని. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. బుల్లయ్యకు షుగర్ కూడా ఉంది.

నీ అన్న,
రసూల్

చెన్నై, 6 అక్టోబరు

ప్రియమైన అన్నయ్యకు, సలాం.

నువ్వు ప్రశ్న అడగలేదు కానీ నాకు వినబడింది. అది మెలియాయిడోసిస్ కావచ్చు. కాళ్ళ పగుళ్ళలోంచి ఆ క్రిమి ఒంట్లోకి పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళను ముందు పట్టుకుంటుంది. టీబీ మాత్రలకు లొంగదు, దానికి వేరే ఇంజెక్షన్లున్నాయి. బుల్లయ్యన్నకు ఎక్కడైనా గడ్డ కట్టిందేమో స్కాన్ తీయించి, చీము మాకు పంపమని డాక్టరు గారిని అడుగు. మామూలు ల్యాబుల్లో ఇది పెరిగినా పనికిరాని క్రిమి అనుకుని పారేస్తారు.

మేము మట్టిలో కూడా దీన్ని వెతుకుతాం, అడుగు లోతు నుంచి తీసి. నువ్వు మాత్రం ఆ మడిలోకి బూట్లు లేకుండా దిగకు. నీకూ షుగరే.

ఇట్లు నీ చెల్లెలు,
ఆయేషా

వినుకొండ దగ్గర, 13 అక్టోబరు

ప్రియమైన ఆయేషాకు,

బుల్లయ్యను గుంటూరు తీసుకెళ్ళాను. స్కాన్‌లో కాలేయంలో గడ్డ కనబడింది. టీబీ గడ్డే అన్నారు డాక్టరు గారు. నీ ఉత్తరం చూపించాను. "ఆ జబ్బు థాయిలాండులోదయ్యా. మన నల్లరేగడిలో ఎక్కడుంది? మట్టిలో ఉందని మీ చెల్లెల్ని రాసివ్వమను, అప్పుడు చీము తీసి పంపిస్తా" అన్నారు.

అందుకని బుల్లయ్య మడిలో ఆరుచోట్ల అడుగు లోతున మట్టి తీశాను. ఆరు సంచులకూ గుర్తులు రాసి పార్సిల్ చేశాను. దారిలో పాడవకుండా జాగ్రత్త చేశాను. బూట్లు కొన్నాను.

తొందరగా చూడు.

నీ అన్న,
రసూల్

చెన్నై, 25 అక్టోబరు

ప్రియమైన అన్నయ్యకు,

ఆరింటిలో ఒక్కదాంట్లోనూ లేదు. ఉంటే క్రిమిని పెంచే ప్లేటు మీద ముడతలు పడిన ఊదారంగు చుక్కలు లేస్తాయి. రోజుకు మూడుసార్లు చూశాను, ఏమీ లేవలేదు. లేదని రాసిస్తే మీ డాక్టరు చీము తీయరు. ఉందని అబద్ధం రాయలేను.

నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదు. మట్టి తీసిన రోజు నుంచి ఏమేం చేశావో నీ రోజువారీ పుస్తకంలో రాసే ఉంటావు. ఆ పుస్తకం పంపు. కాపీ చేసి కాదు, పుస్తకమే.

ఆయేషా

వినుకొండ దగ్గర, 30 అక్టోబరు

ప్రియమైన చెల్లెలికి,

పుస్తకం రిజిస్టరు పోస్టులో పంపాను. వాన, నీళ్ళు, చేలో పని తప్ప అందులో చదవడానికేమీ ఉండదు. బుల్లయ్య రెండు రోజులుగా నీళ్ళ సంగతి అడగడం లేదు. నేనే వెళ్ళి "నీ మడికి పెట్టాను" అని చెప్పి వస్తున్నాను. తల ఊపుతున్నాడు.

రసూల్

చెన్నై, 4 నవంబరు

అన్నయ్యా,

నీ పుస్తకంలోవి నీకే రాస్తున్నాను.

"11: మట్టి తీశాను. బూట్లు గట్టు మీద విడిచాను. 12: మట్టి కళ్ళంలో ఎండబోశాను. మధ్యాహ్నం తిరగేశాను. 13: గలగలలాడేట్టు ఎండింది. పార్సిల్."

మిరపకాయలనుకున్నావా అన్నయ్యా? ఎండకు ఆ క్రిమి చస్తుంది. అయినా తప్పు నీది కాదు. తడి సరుకు మూట కట్టని ఊళ్ళో పుట్టి కూడా, తడిగానే పంపమని చెప్పనిదాన్ని నేను.

తర్వాత పేజీ. "19: సాయంత్రం చలిజ్వరం. 20: జ్వరం. 21: జ్వరం. మిరపకు మందు కొట్టాను." అలా 30 దాకా ఉంది. పుస్తకంతో పాటు రాసిన ఉత్తరంలో ఒక్క మాటైనా రాయలేదే! వదినకైనా చెప్పావా?

మట్టి మళ్ళీ తీయకు. ఈ ఉత్తరం తెచ్చిన హయాత్ మా ల్యాబు మనిషి. బుల్లయ్యన్న చీము డాక్టరే తీయాలి. నీ రక్తానికి నువ్వు ఒప్పుకుంటే చాలు. కూర్చుని చెయ్యి చాపు.

ఆయేషా

గుంటూరు, ఆసుపత్రి, 24 నవంబరు

ప్రియమైన ఆయేషాకు,

నా రక్తంలో ఆ క్రిమి ఉందని నువ్వు పంపిన కాయితం డాక్టరు గారు నిలబడే చదివారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చదివారు. ఆ సాయంత్రమే బుల్లయ్య గడ్డలో గొట్టం వేసి చీము తీశారు. అందులోనూ అదే ఉందని మీరు చెప్పారు కదా. టీబీ మాత్రలు ఆపేశారు. పక్కపక్క మంచాల మీద ఇద్దరికీ అవే ఇంజెక్షన్లు. వాడికి జ్వరం తగ్గి మూడు రోజులైంది. ఇంటికెళ్ళాక నెలల తరబడి మాత్రలున్నాయన్నారు.

మట్టి ఎండబోసిన సంగతి వాడికి చెప్పాను. చెప్పకుండా పడుకోలేకపోయాను. "మట్టిని కూడా ఎండబోశావంట్రా!" అని నవ్వాడు. గొట్టం దగ్గర నొప్పి పుట్టి తిట్టాడు. "మడి నాది, పురుగూ నాదే. అందులో కూడా వాటాకొచ్చావా?" అన్నాడు. అరుపు ఇంకా పూర్తిగా రాలేదు.

ఇవాళ వాడి భార్య కోటిరత్నం వచ్చింది. మడిలో కలుపు తీసి అటునుంచి అటే బస్సెక్కిందట. వానలో తడిసింది, కాళ్ళకు చెప్పుల్లేవు. గట్టు మీదే మర్చిపోయానంది. నా బూట్లు వేసుకోమన్నాను. "అన్నం పెట్టే మడిలోకి బూట్లతో దిగేదా అన్నా? నువ్వు దిగావా?" అంది.

డాక్టరు గారిని నమ్మించడానికి నీ కాయితం సరిపోయింది. ఈమె కాయితం చదవదు. ఏం చేయాలో ఆలోచించి రాయి. నా పుస్తకం తిరిగి పంపు.

ఆమె వెళ్ళాక మా మంచాల నుంచి గుమ్మం దాకా బురద అడుగులు మిగిలాయి. తుడిచే మనిషి వచ్చేలోపు లెక్కపెట్టాను. పద్నాలుగు.

నీ అన్న,
రసూల్