చీరముక్కకి పసుపు కుంకం

తలుపులమ్మకి, అందరికీ తెలియపరచడమేమంటే, నీ పాత చీర అమ్మవారైపోయింది. నేను కులాసా.

రొయ్యల చెరువుగట్లు తెంచి పోటునీళ్లు వదిలిన చోట మడ అడవి మొక్కలు ఎంతెదిగాయో ఏటా మేం పాతిన అదే కర్ర దగ్గర కొలవడం ఇక్కడ మా పని. పీతలు పట్టేవాళ్లు ఆ కర్రల్ని పొయ్యిలోకి పీక్కుపోతున్నారు. కర్ర పోతే ఇన్నేళ్ల కొలతలూ వృథాయే. ఒకదానికి గుర్తుగా నీ చీరముక్క కట్టాను. వాళ్లు గంగమ్మనుకుని పసుపు కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇక దాన్నెవరూ ముట్టుకోవట్లేదు. ఈ కొలతలు రాసుకునే మా సారు కూడా దణ్ణం పెట్టి, "ఎవరికీ చెప్పకు నూకరాజూ, మిగతావాటికీ కట్టేద్దాం" అన్నారు.

అటకమీది ఎర్రచీర చింపి మీ తమ్ముడితో పంపు. చిన్నదానికి జ్వరం తగ్గిందా? అమ్మకి మోకాలినూనె కొన్నావా? పిల్లలకి దీవెనలు.

కొబ్బరికాయ, సారు దణ్ణం నేను కల్పించినవి. పసుపు నిజం, సారు మాట నిజం. దణ్ణం పెట్టింది నేనే.

నూకరాజు