అంచుల దాకా కనబడే అద్దం

బొంబాయి,
హోళీ వెళ్లిన మూడో రోజు.

మా ఎల్లక్కకు తమ్ముడు లింగయ్య దండం పెట్టి రాసుకునేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, చిన్నదీ, నాయినా ఎట్లా ఉన్నారని అడగాలి. కానీ బావ నల్లగొండ జైల్లో ఉండగా అట్లా అడగడానికి మొహం చెల్లడం లేదు. నాయిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఈసారి గొర్రెలు ఎన్ని ఈనాయి? బావ లేకుండా మందను ఎవరు తోలుకుపోతున్నారు?

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. మన ఊరి సాయన్న ఇక్కడ మిల్లులో ఉన్న తమ్ముణ్ని చూడడానికి పోయిన వారం వచ్చాడు. రేపు తిరిగి పోతున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను. ఎవరితోనూ చదివించకు. సంఘం వాళ్లు పెట్టిన బడిలో నువ్వు నేర్చుకున్న అక్షరాలు చాలు. నీ కోసమే పెద్ద పెద్దగా రాస్తున్నాను. ఒత్తుల దగ్గర ఆగి ఆగి చదువు. మధ్యలో కోపమొచ్చి పొయ్యిలో మాత్రం పెట్టకు, చివరిదాకా చదువు.

నా గురించి ఫికర్ వద్దు. మిల్లులో బట్టకు రంగులద్దే చోటే ఇంకా పని. గోళ్లు నీలంగానే ఉంటాయి, ఎంత తోమినా పోవు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మన దగ్గరిలా మాడ్చే ఎండ కాదు, ఒళ్లంతా జిగట జిగటగా ఉంటుంది. ఖానావళిలో జొన్న రొట్టె దొరుకుతుంది కానీ పప్పులో బెల్లం వేస్తారు. నీ చేతి కారం పంపమని అడుగుదామని నాలుగుసార్లు అనుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా తిండికి లోటు లేదు, బాగానే ఉన్నాను.

నా ఫోటోల పిచ్చి నీకు తెలిసిందే. మా మిల్లు గుమాస్తా తన పాత కెమెరా నాకు చౌకగా ఇచ్చేశాడు. తోలు తిత్తి ఉన్న పెట్టె, మూడు కాళ్ల కర్ర అన్నీ ఉన్నాయి, ముందు ఉండే గుండ్రటి అద్దం మాత్రం పగిలింది. దాన్ని లెన్సు అంటారు. అది లేకపోతే కెమెరా ఉత్త పెట్టె. పోయినేడు చలికాలమంతా ఆదివారం వస్తే చాలు, పాత సామాను అమ్మే గల్లీకి పోయేవాణ్ని. అక్కడ ఒక ముసలాయన దుకాణంలో మూడు లెన్సులు ఉండేవి. ఒకటి పెద్దది, మబ్బు పట్టిన రోజు కూడా బొమ్మ తీస్తుందట. దాని ధర విని మళ్లీ దాని వైపు చూడలేదు. రెండోది అన్నిటికన్నా చవక. మధ్యలో ఉన్న మొహం బాగానే వస్తుంది, అంచులకు పోయేకొద్దీ పొగ కమ్మినట్టు అలుక్కుపోతుంది. మూడోది అంచుల దాకా సూది మొనలా చూపిస్తుంది. కానీ దానికి మంచి ఎండ కావాలి, ఎదుట నిలబడ్డవాళ్లు మూడు అంకెలు లెక్కపెట్టేదాకా మెదలకూడదు.

ముసలాయన మంచివాడే. చవకది తీసుకుపొమ్మని ఎంతో చెప్పాడు. పెళ్లి ఫోటోలో పిల్లా పిల్లగాడూ మధ్యలో ఉంటారు, అంచుల్లో ఉన్నవాళ్లను ఎవరు చూస్తారు, ఉత్తి సరదా కోసం అంత డబ్బు ఎందుకు పోస్తావు అన్నాడు. నేను వినలేదు. మా దిక్కు బీదవాళ్లంతా అంచునే నిలబడతారు, నాకు వాళ్లే కావాలి అని పెద్ద మాట చెప్పాను. గోడకు అచ్చు కాగితం అంటించి, నల్లగుడ్డ కప్పుకుని, కెమెరాలోంచి నాలుగు మూలలా అక్షరాలు చూసుకున్నాను. మూడు నెలలు సాయంత్రం చాయ్ మానేసి మూడోదే కొన్నాను. అప్పుడు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

పోయిన ఎండాకాలం నేను ఊరికొచ్చినప్పుడు నువ్వు చిన్నమ్మ కూతురి పురిటికని తిరుమలగిరి పోయావు. అప్పటికి సంఘం దెబ్బకు దొర ఊరు విడిచి పోయాడు, సంఘం వాళ్లు తుపాకులు పట్టుకుని ఊళ్లోనే తిరుగుతున్నారు. నేను కెమెరా తెచ్చానని తెలిసి ఆరుగురు వచ్చారు, తుపాకులతో సహా బొమ్మ తీయమన్నారు. మన గొర్రెల దొడ్డి గోడకు ఎండ బాగా పడుతుందని అక్కడ వరసగా నిలబెట్టాను. బావ అప్పుడే ఉన్ని కత్తిరించి గొంగడి భుజాన వేసుకుని వచ్చాడు. ఆయన సంఘంలో లేడు. అయినా మా బావ లేకుండా బొమ్మేంటని నేనే రెక్క పట్టుకుని తెచ్చి ఎడమ చివర నిలబెట్టాను.

ఒక ప్లేటు తీశాను. గాజు పలక మీద బొమ్మ పడుతుందని అప్పుడే చిన్నదానికి చూపించాను, అడుగు. లెక్కపెడుతుండగానే చూశాను, బావ చేతులు ఊరుకోవడం లేదు. గొంగడి కొసను మెలిపెడుతూనే ఉన్నాడు. ప్లేటు పాడైపోయింది, మిగిలింది ఇంకొక్కటే. చేతుల్లో ఏదైనా ఉంటే కదలవు కదా అని, గోడకు ఆనించి ఉన్న సంఘం వాళ్ల మందు కూరే భర్మార్ తుపాకి తీసి బావకు ఇచ్చాను.

బావ పట్టుకోలేదక్కా. వెనక్కి జరిగాడు. "వద్దు బామ్మర్దీ, మీ అక్కకు మాటిచ్చిన. గొర్లు కాసుకునేటోన్ని, నాకెందుకు గిది?" అన్నాడు.

అక్షరాల దాకా సంఘం మంచిదే కానీ తుపాకుల జోలికి పోవద్దని మీ బిడ్డ చిన్నదాని నెత్తి మీద బావతో నువ్వు చెయ్యి పెట్టించిన సంగతి నాకూ తెలుసు. తెలిసే అడిగాను. "బొమ్మకే గద బావా, జర పట్టుకో" అని బలవంతంగా చేతుల్లో పెట్టాను. బావ చేతికర్ర పది అడుగుల దూరంలో దొడ్డి తడికకు ఆనించి ఉంది. అది తెచ్చి ఇచ్చినా చేతులు కదిలేవి కావు. ఎండ పోతుందన్న తొందరలో నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, తుపాకి అయితే బొమ్మకు అందంగా ఉంటుందనీ అనుకున్నాను. మూడు అంకెలు లెక్కపెట్టగానే బావ తుపాకి కింద పెట్టేశాడు. ఆయన తుపాకి పట్టింది ఆ మూడు అంకెల సేపే.

ఇక్కడికొచ్చి బొమ్మ వేస్తే ఎంత బాగా వచ్చిందనుకున్నావు. బావ గడ్డంలో తెల్ల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. మురిసిపోయి సంఘం పెద్దమనిషికి ఒక కాపీ పంపాను. ఆయన దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాడు. మన ఇంటికి మాత్రం పంపలేదు, నువ్వు తిడతావని.

మిలటరీ వచ్చింది, రజాకార్ల పీడ పోయిందని ఇక్కడ మేమంతా బెల్లం పంచుకున్నాం. ఆ మిలటరీయే సంఘం వాళ్లను పట్టుకుపోతోందని తరువాత నాయిన రాయించిన కార్డు వచ్చింది. గోడకున్న ఫోటో పట్టుకుని ఆఫీసరు ఊరంతా తిరిగాడనీ, ఒక్కొక్కరి మొహం పక్కన పెట్టి చూశాడనీ, మిగతా ఆరుగురూ ముందే అడవి పట్టారనీ. బావకు పారిపోవాలని ఎందుకు తోస్తుంది? గొర్రెలకు నీళ్లు పెడుతూ దొరికాడు. ఆ చవక లెన్సే కొని ఉంటే ఎడమ చివర మనిషి ఎవరో ఆ ఆఫీసరుకే కాదు, నాకు కూడా తెలిసేది కాదు. అంచున ఉన్నవాళ్లు కనబడాలని ఏరి కోరి కొన్నాను. కనబడ్డారు.

ఆ కార్డుకు జవాబుగా ధైర్యంగా ఉండమని రాశాను. తుపాకి ఎవరు ఇచ్చారో రాయలేదు. భయపడ్డాను. ఆరు నెలలు దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను.

సాయన్న వచ్చి నీ మాట చెప్పాడు. నల్లగొండకు సద్ది తీసుకుపొమ్మని అందరూ చెప్తే నువ్వన్నావట, "పిల్ల నెత్తి మీద సెయ్యి పెట్టి ఒట్టేసి తుపాకి పట్టినోడు నాకు మొగడే కాదు. ఆడనే ఉండనియ్యి" అని. ఒక్కసారి కూడా చూడడానికి పోలేదట. జైలుకు పోయింది సాయన్నే. చెప్పు బీరయ్యా, నీకు తుపాకి ఎవరిచ్చారు అని గుచ్చి గుచ్చి అడిగితే బావ అతనొక్కడితోనే అన్నాడట, "పోరడు బొంబాయిల నాలుగు మెతుకులు తింటుండు. వాని పేరెందుకు తియ్యాలె? ఎల్లమ్మ కోపం ఎన్నటికన్న దిగుతది."

ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సహించడం లేదు. జైలు ఆయన మోస్తున్నాడు, నీ కోపం కూడా ఆయనే మోస్తున్నాడు. నేను ఆదివారాలు సముద్రం ఒడ్డున పడవలకు బొమ్మలు తీసుకుంటున్నాను. కెమెరా అమ్మేశానని రాస్తే నీకు కొంచెం శాంతిగా ఉంటుందేమో. అమ్మలేదు. మనసు రాలేదు. అబద్ధాలు చాలించాలనుకున్నాక ఇది కూడా చెప్పాలి.

పాడైపోయిన మొదటి ప్లేటు నా డబ్బాలోనే ఉంది. నిన్న ఎండకు పట్టి చూశాను. అదే గోడ, అదే వరస, ఆరుగురి చేతుల్లో తుపాకులు, ఎడమ చివర బావ గొంగడి, చెదిరిపోయిన రెండు ఖాళీ చేతులు. దాన్ని గుడ్డలో చుట్టుకుని శనివారం జీతం అందగానే బయలుదేరుతున్నాను. ఊరికి రాను, తిన్నగా నల్లగొండ పోయి ఆఫీసరు ముందు పెడతాను. తుపాకి ఇచ్చింది నేనని చెప్తాను. నమ్మకపోవచ్చు. నన్ను కూడా లోపల వెయ్యొచ్చు. నాయినకు ఇప్పుడే చెప్పకు. నన్ను రావద్దని కబురు కూడా పంపకు.

నాయినకు, కుల పెద్దలకు నా దండాలు. చిన్నదాని నెత్తి మీద బావ పెట్టిన చెయ్యి అబద్ధం కాదు, దానికి ఏ కీడూ రాదు, గుండె మీద చెయ్యి వేసుకుని పడుకో. నన్ను దీవించమని అడగను. నేను చేరేలోపు నువ్వు ఒక్కసారి సద్ది కట్టుకుని జైలుకు పోయిరా. లింగయ్య అంతా రాశాడని బావతో చెప్పు. నేను చెప్పిన మాట నిజమేనా అని ఆఫీసరు అడిగితే ఆయన నన్ను కాపాడాలని కాదంటాడు. నిజం ఒప్పుకొమ్మని నువ్వు నీ నోటితో చెప్తేనే ఔనంటాడు.

నీ కోపానికి అసలు హక్కుదారు,
తమ్ముడు లింగయ్య