వేలికి తెలిసిన నొప్పి

ప్రియమైన మరదలికి,

నీ బొటనవేళ్ళలో వైద్యం ఉందని, నీ ఆక్యుప్రెషర్ క్లినిక్ ముందు జనం బారులు తీరుతున్నారని వింటున్నాను. సొంత వదినకు మాత్రం ఉత్త సలహా కూడా దక్కలేదు. అందుకే అడిగేస్తున్నాను.

కుడి భుజం ముందువైపు ఒకటే పీకుడు. జబ్బలోంచి మోచేతిదాకా దిగుతోంది. సెలూన్లో ఒకరి జుట్టు ఆరబెట్టేసరికి డ్రయ్యర్ పట్టుకున్న చెయ్యి వాలిపోతోంది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, అన్నీ భేషుగ్గా ఉన్నాయన్నారు. నొప్పి ఉన్నచోటే రోజూ గట్టిగా నొక్కుతున్నాను, ఫలితం సున్నా. మీ అన్నయ్య ఏమన్నారని మాత్రం అడక్కు.

నీ వదిన

*

ప్రియమైన వదినకు,

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నొప్పి ముందువైపు తెలుస్తోంది గానీ, దాన్ని పంపేది వెనకాల ఉంది. వీపు పైభాగంలో ఉండే రెక్క ఎముక మీది కండలో చిన్న ముడి పడుతుంది, ట్రిగ్గర్ పాయింట్ అంటాం. దాన్ని నొక్కితే భుజం ముందు జివ్వుమంటుంది. అదే గుర్తు.

టెన్నిస్ బంతిని గోడకూ రెక్క ఎముకకూ మధ్య పెట్టుకుని మెల్లగా ఒరుగు. ఓర్చుకోగలిగినంత నొప్పి చాలు, పళ్ళు బిగించకు. నెమ్మదిగా ఊపిరి వదులుతూ కాసేపు ఉండి, తర్వాత వేడి గుడ్డ వేసుకో. ఇంకో మాట. నువ్వు పొట్టి, నీ సెలూన్ కుర్చీ పొడుగు. రోజంతా మోచెయ్యి ఎత్తి పనిచేస్తే ఆ ఒక్క పక్క కండలు బిగుసుకోక ఏం చేస్తాయి? కుర్చీ దించు.

అన్నయ్య ఏమన్నాడు?

నీ మరదలు

*

ప్రియమైన మరదలికి,

పొట్టిదాన్నన్నందుకు నీ సంగతి తర్వాత చూస్తాను. కుర్చీ దించాను, హాయిగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. బంతి మాత్రం నిలవదు, జారిపోతోంది. విసుగొచ్చి గరిటె కాడతో బలంగా రుద్దాను. చర్మం కమిలి నల్లబడింది గానీ చెయ్యి పైకి లేవలేదు. ఎంత కావాలంటే అంత తిట్టుకో.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. పోయిన నెల ఆయన స్నేహితులు భోజనానికొచ్చారు. పళ్ళాలు అందుకోబోయి భుజం పట్టుకుంటే, "ఎక్స్‌రేకి దొరకని నొప్పి మా ఆవిడకే వస్తుంది. పని ఎగ్గొట్టడానికి అంతకన్నా మంచి సాకేముంది?" అన్నారు. అందరూ నవ్వారు. జ్వరంలో కూడా సెలూన్ తెరిచిన మనిషిని నేను! నా నొప్పి అబద్ధమన్నవాడితో ఇంక మాటలేమిటి? ఆయనకు చెప్పాల్సినవి ఇప్పుడు గోడకు చెబుతున్నాను.

నీ వదిన

*

ప్రియమైన వదినకు,

ఆ కమిలింది పూర్తిగా తగ్గేదాకా అక్కడ చెయ్యి వెయ్యకు. చిన్న ముడికి ఇల్లు పీకి పందిరి వేశావు. తగ్గాక ఇంకొకరి బొటనవేలు కావాలి. నేను రాగలను, కానీ రాను. అన్నయ్యే నొక్కాలి.

రాయబారం చేస్తున్నాననుకోకు, వైద్యమే చెబుతున్నాను. ముడి పడ్డ కండ తాడులా బిగిసి వేలికి తగులుతుంది. సరిగ్గా అందితే వేలి కింద ఉలిక్కిపడుతుంది కూడా. దాన్ని నటించడం ఎవరి వల్లా కాదు. ఎక్స్‌రేని నమ్మినవాడు తన వేలిని నమ్మడా? అడగనిదే అమ్మయినా పెట్టదు. పంతం మాని అడుగు.

నీ మరదలు

*

ప్రియమైన మరదలికి,

కమిలింది తగ్గాక అడిగాను. "మీ చెల్లెలు నొక్కమంది" అని నెపం నీ మీదకు తోసి, నీ ఉత్తరాలు ఆయన చేతిలో పెట్టి, వీపు తిప్పి కూర్చున్నాను. చదువుకుంటూ వెతికారు.

"ఇక్కడా?"

"కాదు."

"మరిక్కడా?"

"లేని నొప్పికి ఎక్కడైతేనేం, నొక్కండి."

వేలు ఇంకాస్త కిందికి జరిపారు. భుజం ముందునుంచి మోచేతిదాకా జివ్వుమంది. నేను అరవలేదు గానీ ఆయనే చెయ్యి చటుక్కున లాగేసుకున్నారు. "కదిలిందే! వేలి కింద కదిలింది!" అన్నారు. మళ్ళీ అక్కడే, భయం భయంగా వేలు ఆనించి, "దీంతోనేనా రోజూ పనికి వెళ్తున్నావు?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. నొప్పికనుకుని వేలు తీయబోయారు. తీయొద్దన్నాను.

తర్వాత నా ఎదురుగానే స్నేహితుడికి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఆ రోజు మా ఆవిడ గురించి నేను వాగింది తప్పురా. ఆవిడకు నొప్పి నిజంగానే ఉంది. మిగతావాళ్ళక్కూడా చెప్పు" అన్నారు.

చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. లేస్తుందిలే, నాకు దిగుల్లేదు. ఇప్పుడు నొప్పి అంటే ఎక్కడ అని అడిగే మనిషి ఇంట్లో ఉన్నాడు.

నీ వదిన