ఖాళీ నిమిషంలో యాడి మాట

కోదాడ,
ఆగస్టు 2008, ఆదివారం

తమ్ముడు జీవన్‌ను అక్క సరళ దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు కులాసా. నువ్వు, మరదలు, చిన్నది వందన ఆ చలి ఊళ్లో బాగున్నారని తలుస్తాను. మన యాడిని ఈ కులాసా మాటలో కలపలేదు, గమనించే ఉంటావు. కన్నతల్లి గురించి ఫోనులో చెబుదామంటే ఆమె నా పక్కనే కూర్చుని ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ ప్రశ్నలు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అన్నట్టు పేజీ నిండా అడిగావు. పెద్దవూర దగ్గర మన తండాలో నాట్లు పడ్డాయి. బాపు వాటిని వదిలి రాలేక అక్కడే ఉన్నాడు, మిర్యాలగూడ వచ్చినప్పుడల్లా ఫోన్ చేస్తాడు. యాడి నా దగ్గరే ఉండి సూర్యాపేట డాక్టరు రాసిన మందులు వేసుకుంటోంది. గొంతులో గడ్డ అలాగే ఉంది. హైదరాబాద్ పెద్ద డాక్టరు చెప్పినదీ మారలేదు. దసరా వెళ్లాక ఆపరేషన్. చేస్తే బతుకుతుంది కాని మాట పూర్తిగా పోతుంది. ఎవరేమన్నా యాడి "సరే బిడ్డా, మీ ఇష్టం" అంటోంది.

ఇక నువ్వు కోరిన పాట. మాట పోకముందే యాడితో ఢావ్లో పాట పాడించి కంప్యూటర్లో ఎక్కించమన్నావు, వందన పెళ్లినాటికి నాయనమ్మ గొంతు ఉండాలని. మీట నొక్కితే అయిపోతుందని కూడా రాశావు. పట్నంలో ఉద్యోగం చేసేవాళ్లకు అన్నీ మీట నొక్కితే అయిపోయేవే! అసలు మొదట యాడే ఒప్పుకోలేదు. అత్తవారింటికి పోయే పిల్ల మెడ పట్టుకుని ఏడ్చే పాట అది, పోయేవాళ్లు లేకుండా ఆ ఏడుపు ఎత్తుకుంటే ఇంటికి కీడు అంది. నువ్వు ఫోనులో బతిమాలాక ఊ అంది.

నేను పనిచేసే జిరాక్స్ షాపు జయరాజు గారిది. పోయిన ఆదివారం మధ్యాహ్నం తాళాలు ఇచ్చి, మీ అమ్మను కూర్చోబెట్టుకో అన్నాడు. కంప్యూటర్‌తో పాటే వచ్చే సౌండ్ రికార్డర్ తెరిచి మైకు పెట్టాను. అది ఒక్క నిమిషానికే ఆగిపోయింది. యాడి రాగం తీయడానికే సగం నిమిషం పడుతుంది కదా. మళ్లీ నొక్కితే మరో నిమిషం ఇస్తుంది గాని ఈలోగా పాట తెగుతుంది. "ఏడుపును గిట్ల ముక్కలు ముక్కలు చేస్తరా" అని యాడి విసుక్కుంది. ఆమె మన లంబాడీ మాటలో అన్నవే నీకు తెలుగులో రాస్తున్నాను.

జయరాజు గారికి ఫోన్ చేస్తే ఉపాయం చెప్పాడు. ముందు ఏమీ లేని ఖాళీ నిమిషం ఒకటి రికార్డు చేసి దాచుకోవాలి. దాని వెనకే దాన్నే మళ్లీ మళ్లీ అతికిస్తూ పోతే పది నిమిషాల చోటు తయారవుతుంది. అప్పుడు మొదటికి వెళ్లి పాడితే, ఖాళీ చెరిగిపోతూ దాని మీద పాట ఎక్కుతుంది, మధ్యలో ఆగదు. ఖాళీ కోసం మైకు పీకేయాలన్నాడు. ఎలాగూ చెరిగిపోయేదే కదా అని నేను పీకలేదు. "ఇది లెక్కలకు రాదు యాడీ, ఊకె కూర్చో" అని చెప్పి మీట నొక్కాను. ఎవరో తలుపు కొడితే ముందు గదిలోకి వెళ్లాను.

వచ్చి అతికించడం అయ్యాక యాడి నా మెడ చుట్టూ చేతులు వేసి పాడింది. గొంతు బొంగురుపోయినా రాగం ఎక్కడా తప్పలేదు. నేను నా పెళ్లిలో కూడా అంత ఏడవలేదు. పోయే పిల్ల లేకుండా ఎలా పాడావు యాడీ అని అడిగితే, "పోయేది నేనే అనుకొని పాడిన" అని నవ్వేసింది. నేనూ నవ్వాను, పిచ్చిదాన్ని.

ఆమెను ఇంట్లో దింపి, సరిగ్గా వచ్చిందో లేదోనని షాపుకు తిరిగి వచ్చి మొత్తం విన్నాను. పాట బాగా వచ్చింది. పాట అయ్యాక కూడా నేను అతికించిన చోటు కొంత మిగిలింది. అందులో యాడి గొంతు వినిపించింది. నేను ముందు గదిలో ఉన్నప్పుడు తనలో తను అనుకున్న మాట.

"గొంతు తీసినంక ఇంటికొచ్చి ఎవలతోని మాట్లాడాలె. నాకు దవాఖానకు పోబుద్ధి అయితలేదు. పిల్లలు పరేషాన్ అయితరని సరే అంటున్న."

నేను అతికించింది ఆ నిమిషాన్నే కాబట్టి, మిగిలిన చోటంతా అదే మాట. ఒకసారి అయ్యాక మళ్లీ.

తమ్ముడూ, ఇన్ని కబుర్లు రాసింది ఈ మాట చెప్పడానికి ధైర్యం చాలకే. నేను దాన్ని తుడిచేశాను. ఆమె అనలేదు, నేను వినలేదు అనుకుంటే ఆపరేషన్ జరిగిపోతుంది. మాట లేకపోయినా నాకు యాడి కావాలి. పాట వరకే సీడీలో ఎక్కించి ఇందులో పెట్టాను. కాని తుడిచిన రోజు నుంచి ఆమె మొహం చూస్తే నాకు అన్నం దిగడం లేదు.

నిన్న ఆమె తల దువ్వుతూ అడిగేశాను, దవాఖానకు పోవడం నీకు ఇష్టమేనా అని. నా చేతిలో దువ్వెన తీసుకుని ఇలా అంది.

"డాక్టర్ను అడిగిండ్రు. మీ బాపును అడిగిండ్రు. పాట పాడుమని గూడ అడిగిండ్రు. పోతవా అని నన్నెవలన్న అడిగిండ్రా బిడ్డా?"

పోనీ ఇప్పుడు చెప్పు అన్నాను. జీవన్ వస్తే వాడి ముందే చెబుతానంది, ఫోనులో చెప్పనంది. పోతాననే అంటుందో, వద్దనే అంటుందో నాకు తెలియదు. వద్దంటే తట్టుకోగలనో లేదో అది కూడా తెలియదు, భయంగా ఉంది. అయినా అడగాల్సింది మనమే.

నీ సెలవు ఆపరేషన్ నాటికి పెట్టుకున్నావు. దాన్ని ముందుకు జరుపుకుని వెంటనే రా. ఆపరేషన్ అయ్యాక అడిగితే, జవాబు చెప్పడానికి ఆమెకు గొంతు ఉండదు.

ఇట్లు,
అడగాల్సింది ఆలస్యంగా అడిగిన నీ అక్క
సరళ